జీన్ ఆట్రీ తొలి రికార్డులు: వెతకడం, పోల్చుకోవడం, వినడం

‘పాడే కౌబాయ్’ అనగానే అమెరికన్లకు ముందుగా గుర్తుకు వచ్చే పేర్లలో జీన్ ఆట్రీ ఒకటి. తెల్ల టోపీ, ఛాంపియన్ అనే గుర్రం, ఒళ్లో గిటారు అన్న రూపమంతా 1934లో ఆయన సినిమాల్లోకి వెళ్లిన తరువాత స్థిరపడినది. అంతకు ముందు, 1929 అక్టోబరు నుంచి 1933 చివరి వరకు, ఆయన స్టూడియోల్లో పాడిన పాటల్లో గుర్రం చాలా అరుదుగా కనిపిస్తుంది. జైలు, రైలు, చేయిదాటిపోయిన ప్రియురాలు, ముసలి తండ్రి, చేతిలో చిల్లిగవ్వ లేని ప్రయాణం వంటి విషయాలే ఎక్కువగా వినిపిస్తాయి. ఆ నాలుగేళ్ల రికార్డులను వెతికి, నకళ్ల మధ్య నుంచి అసలు వాటిని పోల్చుకొని, పాడిన శ్రుతిలోనే వినాలనుకునే వారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పాలి: ఈ పనిలో లేబుల్ మీద అచ్చయిన పేరు కన్నా రికార్డు చేసిన తేదీయే నమ్మదగినది. ఆ తేదీని ఎలా పట్టుకోవాలన్నదే దిగువ సలహాల్లో చాలా వాటికి మూలం.

కాలక్రమం ముందుగా

వెతకడానికి ముందు కొద్దిపాటి జీవిత వివరం చేతిలో ఉండాలి. ఆట్రీ 1907 సెప్టెంబరు 29న టెక్సస్‌లోని టియోగా దగ్గర పుట్టారు. యువకుడిగా ఓక్లహోమాలో ఫ్రిస్కో రైల్వే లైనులో టెలిగ్రాఫరుగా పనిచేశారు. రాత్రి డ్యూటీల్లో తంతి మోగని వేళల్లో గిటారు వాయించుకునేవారని చెబుతారు. ఆ రైల్వేలోనే ఆయనకు పైఅధికారిగా ఉన్న జిమ్మీ లాంగ్ పాటలు కట్టేవారు, కలిసి పాడేవారు. తరువాత 1932లో ఆట్రీ పెళ్లాడిన ఐనా మే స్పైవీకి ఈ లాంగ్ దగ్గరి బంధువు కూడా. ఆట్రీ న్యూయార్కు వెళ్లి విక్టర్ అనే రికార్డుల కంపెనీలో గొంతు వినిపిస్తే, ముందు రేడియోలో కొంత అనుభవం తెచ్చుకొమ్మని పంపించారు. ఆయన తిరిగి వచ్చి టల్సా నగరంలోని కేవీఓఓ కేంద్రంలో ‘ఓక్లహోమా యోడలింగ్ కౌబాయ్’ అన్న పేరుతో పాడటం మొదలుపెట్టారు. యోడలింగ్ అంటే గొంతును ఒక్కసారిగా విరిచి సన్నని పై స్థాయికి ఎగరేస్తూ పాడే పద్ధతి.

1929 అక్టోబరు 9న విక్టర్ కోసం జిమ్మీ లాంగ్‌తో కలిసి రెండు పాటలు పాడారు. జానీ మార్విన్, ఫ్రాంకీ మార్విన్ సోదరులు వెనుక వాద్యాలు వాయించారు. ఆ తరువాత మూడు వారాలు తిరగకుండానే, అక్టోబరు 29న, న్యూయార్కు స్టాక్ మార్కెట్టు కుప్పకూలింది. ఈ రెండు తేదీలు అంత దగ్గరగా ఉండటం సేకరణకర్తకు చాలా ముఖ్యం, ఎందుకంటే ఆట్రీ తొలి రికార్డులు ఇన్ని లేబుళ్ల (రికార్డు బ్రాండ్ల) మీద, ఇన్ని పేర్లతో చెల్లాచెదురు కావడానికి కారణం ఆ పతనం వెంట వచ్చిన ఆర్థిక మాంద్యమే. 1927లో అమెరికాలో దాదాపు 10 కోట్లకు పైగా రికార్డులు అమ్ముడుపోగా, 1932 నాటికి ఆ సంఖ్య దాదాపు 60 లక్షలకు పడిపోయిందని సాధారణంగా చెప్పే లెక్క. 75 సెంట్లు పెట్టి విక్టర్ రికార్డు కొనేవారు తగ్గారు కాబట్టి కంపెనీలు 25, 35 సెంట్ల చౌక లేబుళ్ల వైపు మళ్లాయి. ఒకే ముద్రణను అయిదారు లేబుళ్ల మీద, ఒక్కో దుకాణ సముదాయానికి ఒక్కో పేరుతో అమ్మడం ఆనాటి పద్ధతి.

పేర్లు మోసం చేస్తాయి

కాబట్టి ‘జీన్ ఆట్రీ’ అన్న పేరుతో మాత్రమే వెతికితే సగం రికార్డులు చేతికి రావు. ఆయన కొలంబియా రికార్డు కంపెనీ వారి చౌక లేబుళ్లయిన హార్మనీ, వెల్వెట్ టోన్, దీవా, క్లారియన్‌లకు పాడారు. ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌కు చెందిన జెనెట్ కంపెనీకి పాడారు. ఆ స్టూడియో రైలు పట్టాల పక్కనే ఉండేది కాబట్టి బండి వెళ్లేవరకు రికార్డింగు ఆపవలసి వచ్చేదట. రైల్వే ఉద్యోగం వదిలి వచ్చిన గాయకుడికి ఇది వింతగా తోచి ఉండదు. జెనెట్ ముద్రణలు ఛాంపియన్, సుపీరియర్, సూపర్‌టోన్ లేబుళ్ల మీద కూడా వచ్చేవి. అనేక చోట్ల అసలు పేరు ఉండదు. సామ్ హిల్, జీన్ జాన్సన్, ఓవర్టన్ హ్యాట్‌ఫీల్డ్, బాబ్ క్లేటన్, జానీ డాడ్స్ అన్నవి ఆయన పాటలకు తగిలించిన మారుపేర్లలో కొన్ని. వీటిలో జానీ డాడ్స్ అన్నది ప్రత్యేకించి చిక్కు తెచ్చేది, ఎందుకంటే సరిగ్గా అదే పేరుతో న్యూ ఆర్లియన్స్‌కు చెందిన ఒక గొప్ప జాజ్ క్లారినెట్ విద్వాంసుడు అదే కాలంలో నిజంగా ఉన్నారు. ఆ పేరు చూసి క్లారినెట్ కోసం కొన్న రికార్డులో యోడలింగ్ వినిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు.

1930 చివరి నుంచి ఆట్రీకి స్థిరమైన నెలవు దొరికింది. అమెరికన్ రికార్డ్ కార్పొరేషన్‌లో ఆర్ట్ సాథర్లీ అనే ఇంగ్లీషు వ్యక్తి ఆయన రికార్డింగులు చూసుకున్నారు. ఈ కంపెనీ ముద్రణ ఒకటి బానర్, మెలొటోన్, పర్ఫెక్ట్, ఒరియోల్, రోమియో అనే పేర్లతో ఒకేసారి వెలువడేది. రోమియో లేబులు క్రెస్ దుకాణాలకు, ఒరియోల్ మెక్రరీ దుకాణాలకు ఉద్దేశించినవి. కాంకరర్ అన్నది సియర్స్ రోబక్ వారి క్యాటలాగు ద్వారా పల్లెలకు వెళ్లేది. అందుచేత అమ్మకానికి పెట్టినవారు ‘అయిదు వేర్వేరు తొలి రికార్డులు’ అని చెప్పే కట్టలో నిజానికి ఒకే పాట అయిదుసార్లు ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

తేదీ ఎక్కడ ఉంటుంది

లేబులు మీద తేదీ ఉండదు. ఉన్నదల్లా మాట్రిక్స్ సంఖ్య, అంటే ఒక్కో రికార్డింగుకు కంపెనీ ఇచ్చుకున్న గుర్తింపు సంఖ్య. రికార్డును అంచుల దగ్గర రెండు అరచేతులతో పట్టుకొని, కిటికీ వెలుగుకో ట్యూబులైటుకో ఏటవాలుగా వంచి చూడండి. పాట గీతలు అయిపోయిన చోటికీ కాగితపు లేబులుకూ మధ్య మెరిసే నల్లని పట్టీ ఒకటి ఉంటుంది. అందులో చెక్కినట్లుగానో అచ్చు వేసినట్లుగానో అంకెలు కనిపిస్తాయి. కొన్ని లేబుళ్ల మీద ఇదే సంఖ్యను చిన్న అక్షరాల్లో అచ్చు వేస్తారు గానీ, అచ్చులో తప్పు పడవచ్చు, రికార్డింగు చేసిన మైనం పలక నుంచి వచ్చిన అచ్చు మీది గీతలో తప్పు అరుదు. సంఖ్య పక్కన అడ్డగీత పెట్టి 1, 2, 3 అని ఉంటే అది ఎన్నోసారి పాడిన పాఠమో చెబుతుంది. ఒకే పాటకు రెండు పాఠాలూ బజారులోకి వచ్చిన సందర్భాలున్నాయి. కాబట్టి ‘ఇది నా దగ్గర ఉంది’ అని పక్కన పెట్టే ముందు చివరి అంకె కూడా చూడాలి.

అంకెలు కాగితం మీద రాసుకున్న తరువాత, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా శాఖ ఉచితంగా నడిపే అమెరికన్ చారిత్రక రికార్డింగుల డిస్కోగ్రఫీలో (రికార్డుల వివరాల జాబితాలో) వెతికితే విక్టర్, కొలంబియా, అమెరికన్ రికార్డ్ కార్పొరేషన్ ముద్రణల తేదీ, ఊరు, తోడు గాయకుల వివరాలు చాలావరకు దొరుకుతాయి. అచ్చు పుస్తకం కావాలంటే 1921 నుంచి 1942 వరకు వచ్చిన కంట్రీ సంగీత రికార్డుల మీద టోనీ రస్సెల్ 2004లో వెలువరించిన బృహత్ డిస్కోగ్రఫీ ఉంది. బరువైనది, ఖరీదైనది, అయితే ఇటువంటి పనికి అంతకు మించిన సాధనం నాకు తెలియదు.

ఈ పద్ధతి రెండు వైపులా పనికి వస్తుంది. 1938 డిసెంబరులో సీబీఎస్ అనే రేడియో సంస్థ అమెరికన్ రికార్డ్ కార్పొరేషన్‌ను కొన్నది. దానితో 1931 నాటి పాట వొకాలియన్, ఓకే, ఆ తరువాత ఎర్ర కొలంబియా లేబుళ్ల మీద మళ్లీ మళ్లీ వచ్చింది. లేబులు చూసి 1940ల రికార్డు అని తీసిపారేస్తే, లోపల ఉన్న 1931 గొంతును కూడా పోగొట్టుకున్నట్టే. నన్నడిగితే కొత్తగా మొదలుపెట్టేవారు ఈ తరువాతి ముద్రణలనే కొనాలి. ధర తక్కువ, ప్లేటు శుభ్రంగా ఉంటుంది, గొంతు అదే.

రేడియో విషయంలో ఒక అపోహ తొలగించాలి. చికాగోలోని డబ్ల్యూఎల్ఎస్ కేంద్రం నుంచి 1930ల మొదట్లో ఆట్రీ పాడిన ప్రసారాలు గాలిలో కలిసిపోయేవే గాని, రికార్డుల్లా దుకాణంలో దొరికే సరుకు కావు. ‘తొలి రేడియో రికార్డింగులు’ అని ఎవరైనా అమ్మితే అవి ఎక్కువగా 1940 నుంచి 1956 వరకు సీబీఎస్ నడిపిన మెలొడీ రాంచ్ కార్యక్రమానివి అయి ఉంటాయి. అవి వినదగినవే, కానీ మన నాలుగేళ్లకు చెందినవి కావు.

ప్లేటును చేతిలోకి తీసుకున్న తరువాత

ఆనాటి రికార్డులు నిమిషానికి 78 సార్లు తిరిగేవి కాబట్టి వాటిని 78లు అంటారు. 78 రికార్డులో ప్రధానమైన జిగురు లక్క. ఆ రోజుల్లో ప్రపంచానికి కావలసిన లక్కలో అత్యధిక భాగం మన దేశం నుంచే వెళ్లేది కాబట్టి, టెక్సస్ పాటగాడి రికార్డులో కూడా మన అడవుల లక్క కొంత ఉండి ఉంటుంది. ఈ సంగతి సరదాగా చెప్పడం లేదు. బల్లలకు లక్క పాలిష్ పెట్టే వడ్రంగిని అడిగితే లక్క దేనిలో కరుగుతుందో వెంటనే చెబుతాడు. స్పిరిటు, చేతులు శుభ్రం చేసుకునే ద్రవాలు, ఆల్కహాలు ఉన్న ఏ క్లీనరూ ఈ ప్లేట్లకు తగలకూడదు. మా ఇంట్లోని ఒక పాత నాటకపద్యాల ప్లేటును నేను చిన్నప్పుడు దూదితో, స్పిరిటుతో తళతళలాడేలా తుడిచాను. తరువాత అందులో పద్యం మాయమై బుసబుస మాత్రమే మిగిలింది. మిగిలిన ప్లేట్లను గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క సబ్బు ద్రావణం కలిపి, మెత్తని గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడిచి, లేబులు తడవకుండా చూసి, నిలబెట్టి ఆరబెడుతున్నాను. దొంతరగా పేర్చితే అడుగువి బరువుకు పగులుతాయి. పుస్తకాల మాదిరి నిలువుగానే ఉంచాలి.

మీట తిప్పి నడిపే గ్రామఫోను మీద వీటిని వినాలన్న కోరిక సహజమే గాని, ఆ సౌండుబాక్సు బరువు, ఉక్కు ముల్లు కలిసి ప్రతిసారీ గాడిని కొంత కొరుక్కుతింటాయి. ప్రదర్శనకు ఒకటి కేటాయించి, మిగిలినవి విద్యుత్ టర్న్‌టేబుల్ మీదనే వినండి. అయితే తరువాతి కాలపు వినైల్ రికార్డులైన ఎల్పీల ముల్లుతో వినకూడదు. 78 గాడి వెడల్పైనది, దానికి సుమారు 75 మైక్రాన్ల మొన కావాలి. 18 నుంచి 25 మైక్రాన్ల ఎల్పీ మొన గాడి అడుగున ఉన్న దుమ్ములో దేకుతూ పోతుంది, దానితో పాట వెనక్కి తగ్గి గరగర ముందుకు వస్తుంది. ఈ రికార్డుల్లో గాడి పక్కలకు మాత్రమే కదులుతుంది కాబట్టి ముల్లును పట్టి ఉంచే స్టీరియో కార్ట్రిడ్జి నుంచి వచ్చే రెండు వైపుల ధ్వనినీ కలిపి మోనోగా మార్చితే పైకీ కిందికీ ఊగడం వల్ల పుట్టే రొద చాలావరకు తనను తాను చెరిపేసుకుంటుంది. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో ఇది ఒక్క మీట నొక్కినంత పని.

ధ్వని మందంగా, దుప్పటి కప్పినట్టు వినిపిస్తే తప్పు రికార్డుది కాకపోవచ్చు. ముల్లు నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని పెంచే ఇప్పటి ఫోనో ప్రీయాంప్లిఫయర్లు 1954లో స్థిరపడిన ఆర్ఐఏఏ (అమెరికా రికార్డు పరిశ్రమ సంఘం) ప్రమాణం ప్రకారం పై ధ్వనులను బాగా తగ్గిస్తాయి. 1929 నాటి రికార్డును అలా తగ్గించి వినేందుకు తయారు చేయలేదు. అందుచేత ఆ తగ్గింపును తిరిగి పూరించాలి. సాఫ్ట్‌వేరులో ఆర్ఐఏఏ వక్రరేఖను తలకిందులు చేసి, కింది ధ్వనులను 250 హెర్ట్జ్ పరిసరాల నుంచి మాత్రమే పెంచితే గిటారు మంద్రతంత్రులూ గొంతులోని స, శ అక్షరాలూ రెండూ బయటకు వస్తాయి. రొద తీసివేసే పరికరాన్ని మాత్రం చాలా పొదుపుగా వాడాలి. ఎక్కువైతే యోడలింగ్ చివర గాలిలో తేలే ఊపిరి కూడా రొదతో పాటు పోతుంది. నా దృష్టిలో ఇంటర్నెట్టులో దొరికే ప్రతుల్లో సగం ఇలాగే చెడిపోయాయి.

వేగం

పేరుకు 78 అయినా అన్ని స్టూడియోలూ రికార్డింగు గాడిని ఒకే వేగంతో కోయలేదు. వేగం 6 శాతం మారితే దాదాపు ఒక స్వరస్థానం మారిపోతుంది. అప్పుడు ఇరవై రెండేళ్ల యువకుడు పదహారేళ్ల బాలుడిలా వినిపిస్తాడు. ముందుగా మీ టర్న్‌టేబుల్ నిజంగా 78 తిరుగుతున్నదో లేదో స్ట్రోబ్ కాగితంతో చూసుకోవాలి. అది ప్లేటు మీద పెట్టే గీతల చక్రం, వేగం సరిగా ఉంటే కరెంటు దీపం కింద ఆ గీతలు కదలకుండా నిలిచినట్టు కనిపిస్తాయి. ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. అమెరికన్ వెబ్‌సైట్లలో దొరికే కాగితం 60 హెర్ట్జ్ కరెంటు కోసం గీసిన 92 గీతలది, అది నిమిషానికి 78.26 తిరుగుళ్ల దగ్గర నిలిచినట్టు కనిపిస్తుంది. మన ఇళ్లలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 77 గీతల కాగితం కావాలి, అది 77.92 దగ్గర నిలుస్తుంది. ఎల్‌ఈడీ దీపాల కింద గీతలు సరిగా నిలవకపోవచ్చు. టెస్టరులో ఉండే నియాన్ దీపమైనా సరే, కరెంటుతో పాటు మినుకుమనేది కావాలి.

ఆ తరువాత గిటారు తీసుకొని శ్రుతి పోల్చండి. ఈ రికార్డుల్లో ఆట్రీ గిటారును సాధారణంగా సులువైన పట్లతో, మంద్రతంత్రుల మీద చిన్న పరుగులతో వాయిస్తారు. రికార్డు మీ గిటారుకు రెండు స్వరస్థానాల నడుమ పడితే వేగాన్ని కొద్ది కొద్దిగా జరిపి దగ్గరి స్థానానికి తీసుకురండి. స్టూడియో గిటారు సరిగ్గా శ్రుతిలో ఉందన్న హామీ లేదు గనుక ఇది తీర్పు కాదు, అంచనా. ఒకే రోజు పాడిన నాలుగు పాటలూ ఒకే వైపుకు తప్పుతుంటే తప్పు కోసిన యంత్రానిదని దాదాపు నిశ్చయంగా అనుకోవచ్చు. మాట్రిక్స్ సంఖ్యలు రాసిపెట్టుకోవడం ఇక్కడ మరోసారి ఉపయోగపడుతుంది.

ఏ వరుసలో వినాలి

మొదట విన్నవారు చాలామంది ఇది ఆట్రీ కాదు, జిమ్మీ రాడ్జర్స్ అనుకుంటారు. అలా అనుకోవడంలో తప్పు లేదు. మిసిసిపీకి చెందిన రాడ్జర్స్ 1927లో రికార్డు చేసిన ‘బ్లూ యోడెల్’ దేశమంతా మార్మోగింది. చౌక లేబుళ్ల వారికి ఆ పాటలే చౌకలో పాడే గొంతు కావలసి వచ్చింది. ఆట్రీ ఆ పాటలను అచ్చుగుద్దినట్టు పాడారు. అందుకే ఈ రికార్డులను ఒంటరిగా కాకుండా జంటలుగా వినమంటాను.

ముందు బ్లూస్ (నల్లజాతి అమెరికన్ల నుంచి వచ్చిన విషాద గీతాల శైలి) కట్టుబడిని గుర్తుపట్టండి. మొదటి పాదం చెప్పి, దాన్నే మళ్లీ చెప్పి, మూడో పాదంలో సమాధానమో ఎత్తిపొడుపో ఇస్తారు. ఆ మూడో పాదం ముగిసీ ముగియగానే గొంతు ఛాతీలో నుంచి విరిగి పై స్థాయిలోని సన్నని గొంతులోకి దూకుతుంది. యోడలింగ్ అంటే ఆ విరుపే. మన పద్యగానంలో రాగం తీసేటప్పుడు ఆ అతుకు వినపడకుండా చూసుకుంటారు. ఇక్కడ ఆ అతుకునే వినిపించాలి. ఇప్పుడు రాడ్జర్స్ 1931 జనవరిలో పాడిన ‘టీ.బీ. బ్లూస్’ విని, వెంటనే అదే ఏడాది ఆట్రీ పాడిన దాన్ని వినండి. రాడ్జర్స్‌కు నిజంగా క్షయ ఉంది, 1933 మేలో అదే ఆయనను తీసుకుపోయింది. ఆ గొంతులో పాదం చివర ఊపిరి తరిగిపోవడం తెలుస్తుంది. ఇరవై మూడేళ్ల ఆట్రీ గొంతు గట్టిగా, నున్నగా, మాటలు స్పష్టంగా ఉంటాయి. ఆయన అనుకరణ మీద చులకన చూపే రాతలు ఉన్నాయి గాని, నాకు మాత్రం ఆ స్పష్టతలోనే తరువాతి రేడియో గాయకుడు కనిపిస్తాడు. మైకు ముందు గొంతు పెంచకుండా, ఒక్క మనిషితో మాట్లాడుతున్నట్టు పాడటం అప్పటికే అలవడింది.

ఇదే కాలంలో ఆశ్చర్యపరిచేవి మరికొన్ని ఉన్నాయి. ‘డూ రైట్ డాడీ బ్లూస్’ వంటి పాటల్లో ద్వంద్వార్థాలు దండిగా ఉంటాయి. తరువాతి సినిమాల్లో పిల్లలకు నీతులు చెప్పిన కౌబాయ్ వీటి ఊసెత్తేవాడు కాదు. కార్మికోద్యమ నాయకురాలు మదర్ జోన్స్ 1930 నవంబరులో మరణిస్తే, కొద్ది నెలలకే, 1931లో, ఆమె మరణం మీద గనికార్మికులు దుఃఖించే పాట ఒకటి ఆట్రీ రికార్డు చేశారు. ఇది తప్పక వెతకవలసిన రికార్డు. ఈ కాలపు బ్లూస్ పాటలను కొలంబియా లెగసీ 1996లో ఒక సీడీగా తెచ్చింది. జర్మనీకి చెందిన బేర్ ఫ్యామిలీ సంస్థ 1929–1933 నాటి రికార్డులను తొమ్మిది సీడీల పెట్టెగా వెలువరించింది. ప్లేట్ల జోలికి వెళ్లలేనివారికి ఈ రెండూ చాలు.

మలుపు 1931 అక్టోబరు 29న వస్తుంది. ఆ రోజు జిమ్మీ లాంగ్‌తో కలిసి పాడిన ‘దట్ సిల్వర్ హెయిర్డ్ డాడీ ఆఫ్ మైన్’ ఇద్దరూ కలిసి కట్టిన పాట. తల నెరిసిన తండ్రికి తాను తెచ్చిన కష్టాలను తలచుకొని, ఆ ఏళ్లను తిరిగి ఇవ్వగలిగితే బాగుండునని ఒక కొడుకు పడే బాధ అందులోని సారం. ఎన్ని అమ్ముడుపోయాయన్న విషయంలో ఎవరికి తోచిన అంకె వారు చెబుతారు, వాటిని పట్టించుకోనవసరం లేదు. వినవలసింది రెండు గొంతుల మధ్య దూరం. బ్లూస్ పాటల్లో ఒంటరిగా ఎగిరిన గొంతు ఇక్కడ పక్క గొంతు కోసం తగ్గి, మాట మాటకూ ఆగుతుంది. గిటారు దాదాపు వెనుకకు వెళ్లిపోతుంది.

అక్కడి నుంచి చికాగో రేడియో, సియర్స్ క్యాటలాగు కలిసి ఆయనకు పూర్తిగా కౌబాయ్ వేషం తొడిగాయి. ఆ క్యాటలాగులో ఆయన పేరుతో గిటారు కూడా అమ్మారు. 1933లో ఒక పక్క ‘ద ఎల్లో రోజ్ ఆఫ్ టెక్సస్’, ‘ద లాస్ట్ రౌండప్’ పాడుతూనే, మరో పక్క అప్పుడే చనిపోయిన రాడ్జర్స్ జీవితం మీద, మరణం మీద పాటలు రికార్డు చేశారు. ఈ రాడ్జర్స్ పాటలను 1929 నాటి యోడెల్ పక్కన పెట్టి ఒకే కూర్చోవడంలో వినండి.

1935లో ‘టంబ్లింగ్ టంబుల్‌వీడ్స్’ దగ్గర ఆపవచ్చు. ఆ తరువాతివి సినిమా కౌబాయ్ పాటలు, వాటికి వేరే పెట్టె కేటాయించుకోవాలి.